శ్లాబు వేసేముందు మా ఇంజినీరు చూడాలన్నాను

విశాఖపట్నం పెదవాల్తేరులో మేము పదకొండేళ్ళు అద్దెకున్న ఇంట్లో వంటగది సీలింగ్ పెచ్చులు ఊడేది. సముద్రపు గాలికి లోపలి ఊచలు తుప్పుపట్టి ఉబ్బితే కాంక్రీటు నిలవదు. ఒకసారి పప్పు గిన్నెలోనే పడింది. అందుకే కొమ్మాది వైపు కడుతున్న అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తు ఫ్లాట్ చూసుకున్నప్పుడు, కట్టేటప్పుడే మా తరఫున ఒక ఇంజినీరు వచ్చి చూడాలని పట్టుబట్టాను.

బిల్డర్ ఆఫీసులో నవ్వారు. "మా సైట్ ఇంజినీర్లు ఉన్నారు కదా మేడమ్. బయటివాళ్ళకి దెబ్బ తగిలితే ఎవరిది బాధ్యత?" మా ఆయన అప్పటికే సర్దుకుపోదామన్నట్టు నా వైపు చూశారు.

ఆ రాత్రి కూర్చుని 2016 నాటి రెరా చట్టం, అంటే బిల్డర్లకి, ఇళ్ళు కొనేవాళ్ళకి సంబంధించిన రియల్ ఎస్టేట్ చట్టం, చదివాను. కొనేవాళ్ళు సొంత ఇంజినీరును తెచ్చుకోవచ్చని అందులో సూటిగా ఒక్క ముక్క లేదు. 19వ సెక్షన్ కింద మంజూరైన ప్లాన్లు, స్పెసిఫికేషన్లు, ఏ దశ ఎప్పటికి పూర్తవుతుందో అడిగి తీసుకోవచ్చు. నాకు అసలు పనికొచ్చింది 13వ సెక్షన్: అగ్రిమెంట్ రిజిస్టర్ కాకుండా ఖరీదులో 10 శాతం మించి తీసుకోకూడదు. మేము కట్టింది ఇంకా 5 శాతమే, సంతకాలు కాలేదు. అడిగేదేదో ఇప్పుడే అడగాలి.

రెండోసారి కాగితం మీద రాసుకుని వెళ్ళాను. మూడుసార్లు వస్తాం: మా పై శ్లాబుకి ఊచలు కట్టాక, గోడల్లో పైపులు వేశాక ప్లాస్టరింగ్‌కి ముందు, తాళాలిచ్చే ముందు. వాళ్ళు రెండు రోజుల ముందు మాకు కబురు పెట్టాలి. హెల్మెట్లు మావి, ఫీజు మాది, పని ఆపం. వారం రోజులు తిప్పి ఆ పేరా అగ్రిమెంటులో చేర్చారు. "పని ఆపం" అన్న మాటకే ఒప్పుకున్నారనుకుంటాను.

తీరా శ్లాబు సంగతి చెప్పింది ముందురోజు రాత్రి తొమ్మిదింటికి! పొద్దున్న ఆరున్నరకల్లా ఇంజినీరు గారు టేపు పట్టుకుని సెంట్రింగ్ మీదకెక్కారు, అంటే కాంక్రీటు పోయడానికి రేకులు పరిచిన తాత్కాలిక చట్రం మీదకి. నేను నిచ్చెన సగంలో ఆగిపోయాను, కాళ్ళు వణికి. ఆయన వంగి ఊచల కింద వేళ్ళు పెట్టి చూశారు. ఊచల్ని రేకుకి ఎత్తులో ఉంచే చిన్న దిమ్మలు, కవర్ బ్లాకులు, చాలాచోట్ల లేవు, కంకర రాళ్ళు దోపారు. కొన్నిచోట్ల ఊచ నేరుగా రేకు మీదే ఉంది.

"ఏటి మేడమ్, ఆ ముక్కలు నేకపోతే శ్లాబు పడిపోద్దేటి?" అన్నాడు మేస్త్రి.

పడిపోదు. కొన్నేళ్ళకి పెచ్చులూడుతుంది. డ్రాయింగులో 30 మిల్లీమీటర్ల కవర్, అంటే ఊచని కప్పే కాంక్రీటు మందం, అని ఉంది. ఇంజినీరు గారు గొంతు పెంచకుండా ఆ కాగితమే సైట్ ఇంజినీరు ముందు పెట్టారు. ఆయన కాసేపు ఫోన్లో మాట్లాడి, కాంక్రీటు లారీలను మధ్యాహ్నానికి జరిపించారు. నలుగురు కూలీలు ఊచలెత్తి బ్లాకులు దూర్చుకుంటూ పోయారు. మేమేమీ పని ఆపలేదు మరి.

రెండో తనిఖీలో పెద్దగా ఏమీ లేదు. అత్తగారి గదిలో స్విచ్ బోర్డు తలుపు వెనక్కి వచ్చింది, మార్పించాం.

తాళాలకి ముందు మాత్రం, బాత్రూముల్లో కన్నాలు మూసి ఒక రోజంతా నీళ్ళు నిలబెట్టమన్నారు ఇంజినీరు గారు. మర్నాటికి కింద ఫ్లాట్ సీలింగ్ మీద చెమ్మ. "గృహప్రవేశం కానివ్వండి మేడమ్, అయిదేళ్ళ వారంటీ ఉంది కదా" అన్నారు బిల్డర్. నిజమే. ఇల్లు అప్పజెప్పిన అయిదేళ్ళలోపు లోపం చెబితే 30 రోజుల్లో వాళ్ళ ఖర్చుతోనే బాగుచేయాలని 14వ సెక్షన్. కానీ రోజూ లిఫ్టులో కింది ఫ్లాట్ ఆవిడ మొహం చూడాల్సింది నేను. పలకలు ఊడదీసి వాటర్‌ప్రూఫింగ్ మళ్ళీ చేసేసరికి పద్దెనిమిది రోజులు పట్టింది, ముహూర్తం దాటిపోయింది.

అత్తగారు నెల రోజులు నాతో ముభావంగానే ఉన్నారు. కింది ఫ్లాట్ ఆవిడ స్వీట్లు పట్టుకొచ్చాక మామూలయ్యారు.