కాకిబంగారంతో మెగ్నీషియం గీత

ఎక్స్-కిరణాలు తగిలితే ప్రతి మూలకం తనదైన తరంగంలో వెలుగుతుంది, దాన్నే గీత అంటాం. ఆ గీతలను కోణాన్ని బట్టి వేరుచేసే స్పెక్ట్రోమీటరుకు క్రిస్టల్ కావాలి, ఈ నెలంతా దాని ఎంపికకే సరిపోయింది. సోడియం, మెగ్నీషియం, అల్యూమినియం మూడూ కనబడాలని నా పట్టుదల. ఎక్స్-రే ట్యూబుకు ఏఈఆర్‌బీ (అణుశక్తి నియంత్రణ మండలి) అనుమతి ఉండాలి కాబట్టి కొలతలన్నీ శనివారాలు బెంగళూరులోనే తెలిసిన లెక్చరర్ గారి ల్యాబులో. క్రిస్టల్ పని మాత్రం మారతహళ్లిలో మా డైనింగ్ టేబుల్ మీద.

ముందు చూడాల్సింది 2డి, అంటే క్రిస్టల్‌లో అణువుల పొరల మధ్య దూరానికి రెట్టింపు. దానికంటే పొడవైన తరంగాన్ని ఏ క్రిస్టలూ పట్టలేదు. లిథియం ఫ్లోరైడ్‌కి 4.03 ఆంగ్‌స్ట్రామ్‌లే, ఇక్కడ పనికిరాదు. పీఈటీ, అంటే పెంటాఎరిత్రిటాల్, 8.74. అల్యూమినియం గీత 8.34 కనుక అందుతుంది, అదీ 2థీటా (కిరణం క్రిస్టల్ మీద పడి మళ్లే కోణం) 145 డిగ్రీల దగ్గర. మెగ్నీషియం 9.89, అందదు. థాలియం ఫ్తాలేట్ 25.8తో మూడూ వస్తాయి, కానీ థాలియం విషం. పిల్లలున్న ఇంట్లోకి తేను.

అలా అభ్రకం దగ్గరికి వచ్చాను. మస్కోవైట్ 2డి 19.9. మాది గూడూరు వైపు, చిన్నప్పుడు కాకిబంగారమని ఏరుకున్నదే! మొన్న నాన్న వస్తూ అరచేయంత పలక తెచ్చారు. అంచులో సూది గుచ్చి, సందులో ఒక చుక్క నీళ్లు వదిలితే పొర తనంతట తానే విడివడుతుంది. లాగితే ముడత పడుతుంది, రెండు పొరలు అలాగే పోయాయి. మూడోదాన్ని ట్యూబులైటు కింద పట్టి చూశాను. ప్రతిబింబం వంకర లేకుండా గీతలా కనబడితేనే పక్కన పెట్టాలి.

దీనికో లోపం ఉంది. అభ్రకంలోనే అల్యూమినియం, సిలికాన్ ఉన్నాయి, ఎక్స్-కిరణాలు తగిలితే అవీ వెలుగుతాయి. అందుకే అల్యూమినియానికి పీఈటీనే వాడతాను. అందులో కార్బన్, హైడ్రోజన్, ఆక్సిజన్ తప్ప ఏమీ లేవు.

బలపపు రాయి పొడితో 59.6 డిగ్రీల దగ్గర మెగ్నీషియం చక్కగా లేచింది. వ్యాక్యూమ్ తప్పనిసరి: ఈ కిరణం ఒక్క సెంటీమీటరు గాలి దాటేసరికి పదో వంతే మిగులుతుంది. తర్వాత ముగ్గుపిండి పెడితే 61 దగ్గర పెద్ద శిఖరం. మెగ్నీషియమే అనుకుని ఎంత సంతోషపడ్డానో! అరగంట తర్వాత లెక్క వేస్తే అది కాల్షియం మూడో ఆర్డర్, అంటే దాని తరంగానికి మూడు రెట్లు వేస్తే వచ్చే కోణం, 60.9. రెండింటి శక్తి వేరు, మెగ్నీషియానిది 1.25, కాల్షియానిది 3.69 కేఈవీ (కిలో ఎలక్ట్రాన్ వోల్టులు). డిటెక్టర్‌లో పల్స్ ఎత్తు కిరణం శక్తిని బట్టి ఉంటుంది; మెగ్నీషియం ఎత్తు పల్స్‌లనే లెక్కపెట్టేలా కిటికీ బిగించగానే శిఖరం దాదాపు మాయమైంది.

వచ్చే శనివారం రాతి ఉప్పు బిళ్ల. సోడియం 73.5 దగ్గర రావాలి.