మోనోసైట్లకు జ్ఞాపకం నేర్పిన నా ఏడు రోజులు

పీహెచ్‌డీలో చేరిన కొత్తలో మా గైడ్ గారు అన్నారు: "మోనోసైట్‌కి కూడా గుర్తుంటుందమ్మా, చేసి చూడు." మోనోసైట్ అంటే ఒక రకం తెల్ల రక్తకణం. ఒకసారి చూసిన క్రిమిని గుర్తుపెట్టుకునే జ్ఞాపకం రోగనిరోధక వ్యవస్థలోని టీ, బీ కణాల సొత్తనే చదువుకున్నదాన్ని. మోనోసైట్ల లాంటి సహజ రోగనిరోధక కణాల్లో కనిపించే ఈ గుణానికి 2011లో శాస్త్రవేత్త మిహాయ్ నెటియా, ఆయన సహచరులు 'ట్రెయిన్డ్ ఇమ్యూనిటీ' అని పేరు పెట్టారని ఆ తర్వాతే తెలిసింది.

ప్రయోగం చెప్పడానికి తేలికే. రక్తంలోంచి మోనోసైట్లు వేరుచేసి 24 గంటలు బీటా గ్లూకాన్‌లో, అంటే శిలీంధ్రాల కణగోడలో ఉండే ఒక చక్కెర పదార్థంలో, ఉంచాలి. కడిగేసి ఐదు రోజులు వదిలేయాలి. ఆరో రోజు బ్యాక్టీరియా పైపొరలో ఉండే ఎల్‌పీఎస్ ఇచ్చి, ఏడో రోజు వాపును రేపే ప్రొటీన్ టీఎన్ఎఫ్ ఎంత వచ్చిందో కొలవాలి. శిక్షణ పొందిన కణాలు ఎక్కువ ఇవ్వాలి. నాకు తక్కువ వచ్చింది. మళ్లీ చేశాను, మళ్లీ తక్కువే. రెండు నెలలు అలాగే గడిచాయి.

చివరికి ఎల్‌పీఎస్‌ని పట్టేసి పనిచేయనివ్వని పాలిమిక్సిన్ బి కలిపి చూస్తే గుట్టు బయటపడింది. నా బీటా గ్లూకాన్ ద్రావణంలో ఎల్‌పీఎస్ చేరి ఉంది. ముందే దాని రుచి చూసిన కణాలు రెండోసారి మొద్దుబారతాయి, టాలరెన్స్ అంటారు దాన్ని. ఈ పని మొదలుపెట్టేవాళ్లు అన్నిటికంటే ముందు చూసుకోవాల్సింది ఇదేనని నా గట్టి నమ్మకం.

ద్రావణం మార్చాక చేసిన ప్లేట్ ఇంకా కళ్లలోనే ఉంది. ప్రొటీన్‌ని రంగుతో కొలిచే ఎలైజా పరీక్ష చివర యాసిడ్ పడగానే నీలం పసుపవుతుంది. శిక్షణ ఇవ్వని కంట్రోల్ వెల్స్‌లో లేత నిమ్మపండు రంగు, శిక్షణ ఇచ్చిన పక్క వరసలో ముదురు పసుపు. రీడర్‌లో పెట్టకముందే కళ్లు చెమర్చాయి.

అదే ప్లేట్‌లో మూడో వరసకి బీటా గ్లూకాన్‌తో పాటు ఫ్లూవాస్టాటిన్ అనే కొలెస్ట్రాల్ మందు కూడా ఇచ్చాను. కొలెస్ట్రాల్ తయారయ్యే దారిలో మెవలోనేట్ పుట్టే మెట్టును అది ఆపేస్తుంది. ఆ వరస కంట్రోల్ లాగే పాలిపోయింది. కొలెస్ట్రాల్ తగ్గినందుకేమో అనుకున్నాను. కానీ 2018లో అదే బృందం చూపించింది వేరు: కావాల్సింది కొలెస్ట్రాల్ కాదు, మెవలోనేట్ పోగుపడటం. అది కణానికి పెరుగుదల సంకేతాలు అందించే ఐజీఎఫ్1 రిసెప్టర్‌నీ, ఎంటార్‌నీ మేల్కొలుపుతుంది, డీఎన్ఏ చుట్టుకుని ఉండే హిస్టోన్ ప్రొటీన్ల మీద గుర్తులు మారతాయి, వాపుకు సంబంధించిన జన్యువులు సిద్ధంగా ఉంటాయి. తర్వాతి ప్లేట్‌లో బీటా గ్లూకాన్ మానేసి మెవలోనేట్ ఒక్కటే ఇచ్చాను. పసుపు ముదిరింది.

అప్పటినుంచి నన్ను వదలని సంగతి ఒకటుంది. మెవలోనేట్‌ని తర్వాతి మెట్టుకు మార్చే ఎంజైమ్, మెవలోనేట్ కైనేజ్, లోపంతో పుట్టినవారిలో మెవలోనేట్ పేరుకుపోతుంది. ఎవరూ నేర్పకుండానే వాళ్ల మోనోసైట్లు శిక్షణ పొందినట్టే ఉంటాయి. క్రిమి ఏదీ లేకుండానే వాళ్లకు మాటిమాటికీ జ్వరం రావడానికి ఇదే కారణం కావచ్చు.

ఇప్పుడు బీటా గ్లూకాన్ స్థానంలో ఆక్సిడైజ్డ్ ఎల్‌డీఎల్, అంటే ఆక్సీకరణ చెందిన 'చెడు కొలెస్ట్రాల్', పెట్టాను, ఎల్‌పీఎస్ లేదని ముందే పరీక్షించి మరీ. రక్తనాళాల గోడల్లో పేరుకునే ఆ కొవ్వు కూడా మోనోసైట్లకు పాఠం చెబుతుంది. ఈ రోజు నాలుగో రోజు. పొద్దున మైక్రోస్కోప్‌లో చూశాను, కణాలు ప్లేట్‌ని గట్టిగా పట్టుకునే ఉన్నాయి.