దుకాణం లోపలికి తిరిగిన బోర్డు

షాంఘైలో పాఠాలు చెప్పే మిత్రుడి పుణ్యమా అని, రెండు రోజులు అక్కడి ఎం.బి.ఎ. తరగతిలో వెనక బెంచీ మీద కూర్చున్నాను. ఇరవై ఏళ్లుగా నేను మా కళాశాలలో ‘వ్యాపార నీతి’ చెబుతున్నాను. అంటే, పిల్లలు పరీక్ష ముందు రాత్రి మాత్రమే తెరిచే పుస్తకం. అక్కడా అంతేనా అని చూడాలని లోలోపల కోరిక.

మధ్య శరదృతు పండుగకు ఇంకా వారం ఉంది. మొదటి రోజు చర్చ ఆ పండుగకు పంచుకునే తీపి మూన్‌కేకుల మీద నడిచింది. సరుకు అమ్మే కంపెనీ, కొనే కంపెనీ మేనేజరుకు ఒక పెట్టె పంపింది. పుచ్చుకోవచ్చా? పుచ్చుకోకపోతే ఎదుటివాడి మర్యాద తీసినట్టేనని ఒక అమ్మాయి అంది. ‘పెట్టె అడుగున ఏముందో చూశాక చెబుతాను’ అన్నాడు పక్క కుర్రవాడు. ప్రభుత్వ సొమ్ముతో ఈ కేకులు కొని పంచడాన్ని 2013లో కమ్యూనిస్టు పార్టీ క్రమశిక్షణ సంఘం నిషేధించిందట! పరిచయాలు, వాటి వెంట పెరిగే మొహమాటాలు, తీర్చవలసిన ఋణాలు, అన్నీ కలిపి వాళ్లు ‘గువాన్‌షీ’ అంటారు. నాకు దీపావళి మిఠాయి డబ్బాలు గుర్తొచ్చి నోరు మెదపలేదు.

రెండో రోజు నవ్వులు లేవు. పాఠం సాన్‌లు అనే చైనా కంపెనీ పాలపొడి. పాలలో నీళ్లు కలిపితే మాంసకృత్తుల శాతం పడిపోతుంది. అయితే మామూలు పరీక్ష మాంసకృత్తులను నేరుగా కొలవదు, నత్రజనిని కొలిచి లెక్క కడుతుంది. ప్లాస్టిక్ తయారీలో వాడే మెలమైన్ బరువులో మూడింట రెండు వంతులు నత్రజనే. అది కాస్త కలిపితే నీళ్ల పాలు చిక్కటి పాలుగా పరీక్ష దాటిపోతాయి. 2008లో దాదాపు 2.94 లక్షల మంది పసిపిల్లలు జబ్బుపడ్డారు, చాలామందికి మూత్రపిండాల్లో రాళ్లు. ఆరుగురు చనిపోయారు. తనిఖీ అక్కర్లేదని ప్రభుత్వమే మినహాయించిన కంపెనీ అది. ఆగస్టు మొదట్లోనే కంపెనీకి సంగతి తెలుసు, నగర ప్రభుత్వానికీ తెలిసింది. పాలపొడిని వెనక్కి రప్పిస్తున్నామని బయటికి చెప్పింది సెప్టెంబరు 11న. నడుమ బీజింగ్ ఒలింపిక్స్ జరిగిపోయాయి.

‘ఆ ఆగస్టులో ఆ కంపెనీ ప్రయోగశాలలో చిన్న ఉద్యోగి మీరైతే?’ అని అడిగారు ఆచార్యులు. చాలాసేపటికి ఒక అమ్మాయి మెల్లగా అంది: ‘ఎవరికి చెప్పాలి?’

నా ఇరవై ఏళ్ల పాఠాల్లో ఈ ప్రశ్నకు చోటే లేదు. చెప్పాలా వద్దా అన్నదే చెప్పాను కానీ, వినేవాడు ఎవరని ఎన్నడూ అడగలేదు.

తరవాత అందరూ నా వైపు తిరిగారు, ఇండియా సంగతేమిటని. సాన్‌లు అధ్యక్షురాలికి యావజ్జీవ శిక్ష పడిన 2009 జనవరిలోనే, హైదరాబాదులో సత్యం రామలింగరాజు లెక్కల మోసం ఒప్పుకుంటూ ఉత్తరం రాశారని చెప్పాను. పులి మీద స్వారీ చేస్తూ, దానికి ఆహారం కాకుండా ఎలా దిగాలో తెలియని స్థితి అని అందులో రాసుకున్నారనగానే తరగతి గొల్లుమంది. ‘ఛీ హు నాన్ షియా’, పులినెక్కితే దిగడం కష్టం: వాళ్లకు చిన్నప్పుడే వచ్చే నానుడి అది!

మర్నాడు రైల్లో గంట ప్రయాణం చేసి హాంగ్‌జౌ వెళ్లాను. అందరూ పశ్చిమ సరస్సు కోసం వెళతారు. నేను హెఫాంగ్ వీధి పక్క సందులో, ఎత్తైన తెల్లగోడ వెనక ఉన్న హు ఛింగ్ యూ థాంగ్ అనే మందుల దుకాణానికి వెళ్లాను. 1874లో హు షుయెయాన్ అనే వర్తకుడు స్థాపించాడు. ఒక మందు ఇనుము, రాగి తగిలితే చెడుతుందని బంగారు గరిటె, వెండి కుండ చేయించాడట. అవి అక్కడి మ్యూజియంలో ఉన్నాయి. కొనేవాళ్లకు ఎదురుగా ‘నిజమైన సరుకుకు రెండు ధరలుండవు’ అనే బోర్డు. ఇంకొకటి, 1878లో ఆయనే రాసింది, లోపలికి, పనివాళ్ల వైపు తిరిగి ఉంది. కొనేవాడు వెనక్కి తిరిగితే తప్ప కనిపించదు. రెండే పెద్ద అక్షరాలు, ‘జియె ఛీ’: మోసం మానుకో. కింద చిన్న అక్షరాల్లో, ఏ వ్యాపారంలోనూ మోసం కూడదు, మందు ప్రాణాలతో పని కనుక అసలే కూడదు అని ఉంది.

మెడ నొప్పి పుట్టేదాకా దాన్నే చూశాను. ఇంతా చేసి ఈ హు షుయెయాన్ పైకొచ్చింది పెద్ద అధికారుల అండతోనే. పట్టు కొని దాచి ధర పెంచబోయి, 1883లో కూలిపోయాడు. ఆయన బ్యాంకుల్లో దాచుకున్నవాళ్లూ మునిగారు. పట్టు గోదాములో మాత్రం అలాంటి బోర్డు ఏదీ పెట్టుకున్నట్టు లేదు.

బయటికొచ్చి, సందు మలుపులో లాంగ్‌జింగ్ టీ ఆకు మూడు వందల యువాన్లంటే బేరమాడి నూట ఇరవైకి దించాను. సాయంత్రం మిత్రుడికి గర్వంగా చూపించాను. ఆయన పొట్లం విప్పి, వాసన చూసి, మళ్లీ జాగ్రత్తగా మడిచి, నాకు తన డబ్బాలోని టీ పోసి ఇచ్చాడు.