వెలుగుండగానే మెదక్ చేరాలని

నర్సాపూర్ అడవి దాటుతుండగా కారు టైరు పంక్చరైంది. స్టెప్నీ దించి చూస్తే అందులోనూ గాలి లేదు. శనివారం, మధ్యాహ్నం మూడు దాటింది. తమ్ముడు అటుగా వెళ్తున్న ఒక బైకును ఆపి, టైరు ఒళ్లో పెట్టుకుని పంక్చర్ షాపు వెతుక్కుంటూ వెళ్లాడు. అమ్మ కారు దిగి చెట్టు నీడలో నిలబడింది. ఐదు నిమిషాలకోసారి ఒకటే మాట: "వెలుగు పోకముందే చేరతామా అమ్మా?"

ఆ కంగారుకు కారణం ఉంది. మెదక్ చర్చిలోని రంగు గాజు కిటికీలు బయటి వెలుగుతోనే కనిపిస్తాయి. పొద్దుగూకాక లోపల ఎన్ని లైట్లు వేసినా ఆ బొమ్మలు కనబడవు. నల్లటి అద్దం ఒక్కటే మిగులుతుంది. అమ్మకు ఈ సంగతి అనుభవం మీద తెలుసు. 1974లో, పెళ్లయిన కొత్తలో, నాన్న తనను అక్కడికి తీసుకెళ్లారు. సికింద్రాబాద్ నుంచి ఎక్కిన బస్సు ఆలస్యమై చీకటి పడ్డాక చేరారు. నల్లటి కిటికీ చూసి తిరిగొచ్చారు. "మళ్లీ పగటిపూట తీసుకొస్తాలే" అన్నారట నాన్న. తర్వాత ఆయన రైల్వే డ్యూటీలు, మేమిద్దరం, మా చదువులు. వంద కిలోమీటర్లు కూడా లేని ఊరికి మళ్లీ వెళ్లడం కుదరనే లేదు. పోయినేడు ఫిబ్రవరిలో నాన్న ప్రభువునందు నిద్రించారు.

ఆ నిద్రించడం ఎలా జరిగిందో రాయకుండా ఈ ప్రయాణం గురించి రాయలేను. తొమ్మిది రోజులు ఐసీయూలో ఉన్నారు. చివరి రెండు రోజులు మమ్మల్ని లోపలికి పంపలేదు. తలుపుకు ఉన్న చిన్న గాజు పలకలోంచి చూస్తే పాదాలు, దుప్పటి, మానిటర్ వెలుగు కనిపించేవి. ముఖం కనిపించేది కాదు. పోయాకే పిలిచారు. జ్ఞాపకార్థ కూడికలో అందరూ "పరలోకంలో కలుసుకుంటాం కదమ్మా" అని ఓదార్చారు. ఆ మాట మీద నాకు అపనమ్మకం లేదు. కానీ నాకు మాత్రం పరలోకం అంటే నాన్న ముఖం చూడటం, అంతే. ఇంకేమీ తోచేది కాదు.

టైరు వచ్చేసరికి నాలుగున్నర. మెదక్ చేరేసరికి ఐదూ ఇరవై. చర్చి గోపురం ఊళ్లోకి రాకముందే కనిపిస్తుంది. 175 అడుగుల ఎత్తు మరి. అమ్మ పుట్టిల్లు గుంటూరు వైపు లూథరన్ సంఘం. ఇన్నేళ్లయినా తను "గుడి" అనే అంటుంది. నాన్న వాళ్లు సీఎస్ఐ, అంటే చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా వాళ్లు, "చర్చి" అంటారు. "అదిగో గుడి" అంది అమ్మ. అంతసేపట్లో అప్పుడే తన గొంతులో టెన్షన్ తగ్గింది.

సందర్శకుల సమయం అయిపోవస్తోంది. చెప్పులు విడిచి గబగబా లోపలికి నడిచాం. అమ్మ మోకాళ్లకు ఆ మెట్లు కష్టమే, అయినా మా ఇద్దరి చేతులూ వదిలించుకుని తనే ఎక్కింది. లోపల వంద అడుగుల వెడల్పు, రెండు వందల అడుగుల పొడవు. బూడిద రంగు రాతి స్తంభాలు. ఇంగ్లండ్ నుంచి తెప్పించిన పలకలతో ఇటలీ మేస్త్రీలు పరిచిన నేల అరికాళ్లకు చల్లగా తగిలింది. ఇవన్నీ తర్వాత చూశాను. ముందు మా ముగ్గురి చూపూ బలిపీఠం పైన ఉన్న కిటికీ మీదికే పోయింది.

ఇంకా వెలుగుంది.

అది ఆరోహణ కిటికీ. లండన్ చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ చేసింది, 1927 నాటిది. తిరిగి లేచిన యేసు ప్రభువు పైకి వెళ్తున్నాడు, కింద శిష్యులు తలెత్తి చూస్తున్నారు. ఇరుపక్కలా మరో రెండు కిటికీలు, ఒకదానిలో పుట్టుక, ఇంకొకదానిలో సిలువ. అవి చాలా ఏళ్ల తర్వాత వచ్చాయి. అమ్మ వాటిని ఒకసారి చూసి మళ్లీ బలిపీఠం వైపే తిరిగింది. ముందు బెంచీలో కూర్చుని, కళ్లజోడు తీసి చీర చెంగుతో తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని చూసింది. మేం మాట్లాడలేదు. ఇరవై నిమిషాలు ఉంటుందేమో. మొదట అంచుల్లోని ముదురు రంగులు పోయాయి. తర్వాత శిష్యుల ముఖాలు కలిసిపోయాయి. ప్రభువు బొమ్మ చుట్టూ ఉన్న లేత రంగు చాలాసేపు నిలిచింది, చివరికి అదీ పోయింది. చర్చి కాపలాదారు లైట్లు వేశాడు. ఆ లైట్లకు కిటికీ ఇంకా నల్లబడింది.

నాకు ఉన్నట్టుండి ఐసీయూ తలుపు గుర్తొచ్చి ఏడుపొచ్చింది. "నాన్న కూడా చూసి ఉంటే బాగుండేదమ్మా" అన్నాను.

"మీ నాన్న ఇప్పుడు కిటికీ ఎందుకు చూస్తారే" అంది అమ్మ.

ఆ రాత్రి ఊళ్లోనే లాడ్జిలో దిగాం. ఆదివారం ఆరాధన చూసుకునే వెళ్దామంది అమ్మ. పుల్కాలు, పప్పు తెప్పించుకుని తిన్నాక మంచం మీద కూర్చుని మోకాళ్లకు మందు రాసుకుంటూ తనే మొదలుపెట్టింది. నేను గత ఏడాదిగా నాన్న గురించి ప్రార్థించే తీరు తను వింటోంది కదా.

"నువ్వు పరలోకం అన్నప్పుడల్లా మీ నాన్ననే తలుస్తావు. నాకూ ఆయన కావాలి. యాభై ఏళ్లు కాపురం చేశాను, నీకంటే నాకే ఎక్కువ కావాలి. కానీ నేను వెళ్లగానే ముందు ప్రభువును చూస్తాను. ఆ తర్వాతే మీ నాన్న. ఆయన కూడా అదే చేసుంటారు. అక్కడ కూర్చుని నాకోసం గుమ్మం వైపు చూస్తుంటారని నేననుకోను."

నాకు ఆ మాట మొదట గుచ్చుకుంది. అంత ప్రేమగా బతికిన మనిషి అంత తేలిగ్గా ఎలా అనగలిగిందా అనిపించింది. తర్వాత తను బైబిల్లోని యోబు మాటలు చెప్పింది, చూడకుండానే: "మరి ఎవరును కాదు నేనే కన్నులార ఆయనను చూచెదను." పిల్లలు పోయి, ఆస్తి పోయి, ఒళ్లంతా పుండ్లు పడి బూడిదలో కూర్చున్న మనిషి పిల్లల్ని చూస్తాను అనలేదు, దేవుణ్ణి చూస్తాను అన్నాడు. ఎన్నిసార్లు చదివానో ఆ అధ్యాయం. ఆ తేడా నా కంట పడలేదు.

నేను బైబిల్లో పౌలు రాసిన మాట ఎత్తాను: "ఇప్పుడు అద్దములో చూచినట్టు సూచనగా చూచుచున్నాము, అప్పుడు ముఖాముఖిగా చూతుము." పౌలు రోజుల్లో అద్దం అంటే మెరుగుపెట్టిన కంచు, దానిలో ముఖం మసకమసకగానే కనిపించేది. నాకు మాత్రం ఆ వచనం వింటే ఆసుపత్రి తలుపే గుర్తొస్తుందని చెప్పాను. అమ్మ నా చెయ్యి పట్టుకుంది. చాలాసేపు వదల్లేదు. "ముఖాముఖిగా" అని ఒక్క మాటే మళ్లీ అంది, నెమ్మదిగా, రుచి చూస్తున్నట్టు.

పొద్దున్నే తమ్ముడు, నేను చర్చి ఆవరణంతా తిరిగాం. ఈ కట్టడం వెనక కరువు ఉంది. వెస్లియన్ అనే క్రైస్తవ శాఖకు చెందిన మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ దొర, ఆకలితో ఉన్నవాళ్లకు ఊరికే బిచ్చం వేయడం ఇష్టంలేక, ఈ పనిలో పెట్టి కూలీ ఇచ్చాడు. 1914లో మొదలైన పని, 1924 క్రిస్మస్ నాటికి ప్రతిష్ఠ. 2024తో నూరేళ్లు నిండాయి. రాళ్లు మోసిన ఆ చేతుల పేర్లు మాకెక్కడా చెక్కి కనిపించలేదు. వాళ్లలో చాలామంది ఇప్పుడు ప్రభువు ముఖం చూస్తున్నారని అనుకుంటుంటే, గోడ మీద చెయ్యి వేసి కాసేపు అలాగే నిలబడిపోయాను.

ఆరాధనకు లోపలికి వెళ్లేసరికి కిటికీ మళ్లీ నిండుగా వెలుగుతోంది. సాయంత్రం మా కళ్లముందు పోయిన ముఖాలన్నీ తిరిగి ఉన్నాయి. పాత తెలుగు కీర్తనలు అమ్మ పుస్తకం తెరవకుండానే పాడింది. ఆ రోజు ప్రభు భోజన సంస్కారం ఉంది, యేసును తలుచుకుంటూ రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ఆరాధన. "ప్రభువు వచ్చువరకు" అని పాస్టరు అయ్యగారు చదివినప్పుడు, పైన కిటికీలో ఆయన వెళ్తున్న బొమ్మ, కింద ఆయన వస్తాడన్న మాట. ఏ రీతిగా వెళ్లడం చూశారో ఆ రీతిగానే తిరిగి వస్తాడని శిష్యులతో దేవదూతలు చెప్పింది ఆ ఆరోహణం నాడే కదా. చిన్నప్పటి నుంచి విన్న మాటే, ఆ రోజు తలెత్తి చూస్తూ విన్నాను.

బలిపీఠం దగ్గర అందరూ మోకరించారు. అమ్మకు వంగడం కుదరక నిలబడే ఉంది. కుడి అరచేతిని ఎడమ అరచేతి మీద పెట్టి చాచింది. వేళ్లు కొంచెం వణుకుతున్నాయి. రొట్టె ముక్క పడగానే వణుకు ఆగింది. సరిగ్గా ఆ కిటికీ కిందే నిలబడి, యాభై ఏళ్లు చూడాలనుకున్న ఆ కిటికీ వైపు తలెత్తలేదు. కళ్లు మూసుకుని ఉంది.

బయటికొచ్చాక గేటు దగ్గర కొట్లో ఆరోహణ కిటికీ బొమ్మ అచ్చేసిన చిన్న కార్డు కొన్నాను. కారులో అమ్మ చేతికిచ్చాను. దగ్గరగా పెట్టుకుని, దూరంగా పెట్టుకుని, వెలుగుకు తిప్పి చూసింది.

"ముఖం సరిగ్గా రాలేదే."

"చిన్న కార్డు కదమ్మా. ఇంటికెళ్లాక పెద్ద ఫొటో చేయించి ఇస్తాను."

"వద్దులే" అంది, కార్డును బైబిల్లో పెట్టుకుంటూ. "తర్వాత చూస్తాను."