మేడ మీద సెన్సార్‌కి సరైన టైమ్: ఇప్పటివరకు చేసిన పని

మేడ మీద ఉష్ణోగ్రత, తేమ రాసుకోవడానికి రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ పెట్టి ఏడాది దాటింది. పోయిన నెల గాలివానకి రాత్రి కరెంటు పోయింది. తెల్లారి చూస్తే, పొద్దున వచ్చిన రీడింగులన్నీ ముందురోజు రాత్రి పదకొండింటి లెక్కలో పడ్డాయి. వాన పడేటప్పుడు వేడి ఎలా దిగుతుందో చూడాలనే ఇదంతా పెట్టుకున్నాను. సరిగ్గా ఆ రాత్రి లెక్కే పాడైతే ప్రాణం ఉసూరుమంది.

పై 4లో బ్యాటరీతో నడిచే గడియారం లేదు. ఆన్ అయినప్పుడు, ఆగేముందు కార్డులో దాచుకున్న టైమ్ నుంచే లెక్క మొదలుపెడుతుంది. నెట్ వస్తేనే అసలు టైమ్ తెలుస్తుంది. ఆ రోజు కరెంటు వచ్చిన మూడు గంటలకు గానీ నెట్ రాలేదు.

మొదటి శనివారం: నెట్ నుంచి టైమ్ తెచ్చుకునే ప్రోగ్రామ్ టైమ్‌సింక్‌డీ తీసి, అదే పని చేసే క్రోనీ వేశాను. ఆప్ట్ కమాండ్‌తో ఇన్‌స్టాల్ చేస్తే పాతది దానంతటదే తొలగిపోతుంది. సెట్టింగ్స్‌లో మేక్‌స్టెప్ 1 3 అని ముందే ఉంది: మొదటి 3 సవరణల్లో తేడా 1 సెకను దాటితే ఒకేసారి సరిచేస్తుంది, ఆ తర్వాత మెల్లగా జరుపుతుంది. నాకు కావలసింది అదే, గ్రాఫ్ మధ్యలో వెనక్కి నడవకూడదు. క్రోనీసీ సోర్సెస్ అనే కమాండ్ కొడితే, టైమ్ తీసుకుంటున్న సర్వర్ ముందు నక్షత్రం కనిపించాలి. రీచ్ కింద 377 ఉంటే చివరి 8 సార్లూ జవాబు వచ్చినట్టు. మొదట అది శాతమేమో అనుకున్నాను, ఆక్టల్ అంకె అట, అంటే ఎనిమిది ఆధారంగా రాసేది.

రెండో శనివారం: నెట్ లేనప్పటి సంగతి ఇంకా మిగిలే ఉంది. అందుకే డీఎస్3231 మాడ్యూల్ తెచ్చాను, అంటే కరెంటు లేకున్నా సెల్‌తో టైమ్ నడిపే గడియారం చిప్. ఇది పెట్టేవాళ్లు ఒకటి గమనించాలి. ఎక్కువగా దొరికే నీలం రంగు మాడ్యూళ్లకి 5 వోల్టులు ఇస్తే సెల్‌ని ఛార్జ్ చేస్తాయి. మామూలు సీఆర్2032 బటన్ సెల్ ఛార్జ్ చేసేది కాదు, పాడైపోతుంది. నేను 3.3 వోల్టులకే, అంటే 1వ పిన్నుకి కలిపాను. డేటా 3వ పిన్నుకి, క్లాక్ 5కి, గ్రౌండ్ 9కి. కలిపిన చిప్‌లను చూపే ఐ2సీడిటెక్ట్ కమాండ్‌లో ఈ చిప్ అడ్రస్ 68 కనబడ్డాక, దాన్ని వాడమని చెప్పే ఓవర్‌లే లైన్ సెట్టింగ్స్‌లో రాసి, కార్డులో టైమ్ దాచే ఫేక్-హెచ్‌డబ్ల్యూక్లాక్ తీసేసి రీబూట్ చేస్తే 68 ఉన్నచోట యూయూ వచ్చింది. అంటే కెర్నల్ (సిస్టమ్ మూల భాగం) దాన్ని పట్టుకుంది. క్రోనీలో ఆర్‌టీసీసింక్ అనే సెట్టింగ్ ఉంది కాబట్టి 11 నిమిషాలకోసారి సరైన టైమ్ ఆ చిప్‌లోకి వెళుతుంది.

నిన్న రాత్రి రౌటర్ ఆపేసి, రాస్ప్‌బెర్రీ పైకి కరెంటు ఎనిమిది గంటలు తీసి ఉంచాను. పొద్దున నెట్ లేకుండానే ఆన్ చేసి ఫోన్ పక్కన పెట్టి చూశాను. తేడా ఒక సెకను కూడా లేదు.

ఇక పాడైన ఆ రాత్రి రీడింగులు. టైమ్ ఎక్కడ దూకిందో జర్నల్‌లో, అంటే సిస్టమ్ రాసుకునే లాగ్‌లో, ఉంది. ఎంత దూకిందో అంత కలిపితే వాటిని సరిచేయొచ్చు. వచ్చే శనివారం ఆ పని.