దుర్గం చుట్టూ దారులు: నాలుగో నెల లెక్క

నవంబరులో మొదలుపెట్టినప్పుడు పని చిన్నదనే అనుకున్నాను. నెల్లూరు జిల్లా ఉదయగిరి దుర్గం కింద మేముండే పల్లె నుంచి కొండ మీదికీ, కొండ పక్కలకీ పోయే కాలిబాటలు ఐదు. ఎండలు ముదిరేలోపు ఐదూ నడవాలి. ఒక్కో దానికీ దూరం, ఎక్కుడు (ఎంత ఎత్తు ఎక్కామన్నది), పట్టిన సమయం నోటుబుక్కులో ఎక్కించాలి. ఇవాళ్టికి మూడున్నర అయ్యాయి. ఆ అర ఎందుకు మిగిలిందో కింద రాశాను.

నాది లెక్కల అయివారి ఉద్యోగం. వయసు నలభై నాలుగు, ఎడమ మోకాలు మాత్రం నాకంటే పదేళ్ళు పెద్దది. ఇది చదివి ఎవరైనా బయల్దేరేట్టయితే ముందే ఒక మాట. ఇవి వెలికొండలు, ఎర్రచందనం పెరిగే అడవి. అనుమతి లేకుండా రిజర్వు ఫారెస్టులో అడుగుపెడితే కేసే. ఏ దారిన పోతున్నానో, ఎన్నింటికి దిగుతానో అటవీశాఖ వాళ్ళకు ముందే చెప్పి, వాళ్ళు సరేనన్నాకే కదులుతున్నాను. సంచిలో కొడవలి గూడా పెట్టుకోను. ముళ్ళకంప అడ్డమొస్తే వంగి దూరడమే, నరికేది లేదు.

నవంబరు 9, ఆదివారం. మొదటి బాట, దుర్గం మీదికి.

అందరికీ తెలిసిన దారి కనక దీంతోనే మొదలు. కొండ ఎత్తు సముద్రమట్టానికి 3,079 అడుగులు, అంటే 938 మీటర్లు. మొత్తం 13 కోటలు, పైన 8, కింద 5 అని పాత లెక్క. ఇప్పుడు కనిపించేవి గోడల ముక్కలు, బురుజులు, పాడుబడిన కట్టడాలు, వాటి సందుల్లో సీతాఫలం చెట్లు. కాయల కాలం అయిపోవచ్చింది. కొమ్మలకు మిగిలినవన్నీ ఉడతలు తొలిచినవే.

కృష్ణదేవరాయలు ఏడాదిన్నర ముట్టడి వేసి 1514లో గజపతుల నుంచి ఈ కోట గెలిచాడు. ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపీకి తీసుకుపోయి గుడి కట్టించాడు. ఇవి మా ఊళ్ళో పిల్లలు గూడా చెప్తారు. నన్ను పట్టుకున్నది వేరే సంగతి. పోర్చుగీసు గుర్రాల వర్తకుడు నూనిజ్ రాసినదాంట్లో, కోటకు ఉన్నది ఒకటే దారి, అదీ మనిషి వెనక మనిషి పోయేంత సన్నం అని ఉంది. రాయలు దాన్ని వెడల్పు చేయించి, ఇంకా వేరే దారులూ వేయించి కోట దగ్గరికి చేరాడట. యుద్ధంలో సగం దారి పనే అన్నమాట. మెట్లు విరిగిన చోట ఒక గుండుమీద కూర్చుని, ఆ రాళ్ళు పగలగొట్టిన కూలోళ్ళ మోకాళ్ళు ఎట్టా ఉండేవో అని ఆలోచించాను. వాళ్ళ సంగతి ఎవరూ రాయలేదు.

ఎక్కడానికి 3 గం. 10 ని., దిగడానికి 2 గం. 25 ని. మూడు లీటర్ల నీళ్ళు పదిన్నరకే ఖాళీ. అంత చలికాలంలోనూ. అప్పట్నుంచి నాలుగున్నర లీటర్లు తప్పడం లేదు.

నవంబరు 23. రెండో బాట, కోన లోపలికి.

దూరం 4.2 కి.మీ., ఎక్కుడు 390 మీటర్లు. నడకకు స్కాట్లండువాడు నైస్మిత్ 1892లో చెప్పిన లెక్క ఒకటుంది. చదును నేల మీద గంటకు 5 కి.మీ., ఆపైన 600 మీటర్ల ఎక్కుడికి ఇంకో గంట. ఆ ప్రకారం 50 నిమిషాలూ 39 నిమిషాలూ కలిపి గంటన్నర కావాలి. నాకు పట్టింది 2 గం. 35 ని. ఆయన కొండల్లో కలే ముళ్ళు, రేగు ముళ్ళు ఉండి ఉండవు. మా కొండకు ఆ లెక్కను 1.7తో గుణిస్తే సరిపోతోంది.

రెండో సంగతి. పోయేటప్పుడు ఫోను 4.2 చూపించింది, అదే దారిన తిరిగొస్తే 4.7. రాతిగోడ పక్కన నడిచేటప్పుడు ఉపగ్రహం సిగ్నలు గోడకు తగిలి మళ్ళీ వస్తుంది. దాంతో ఫోను మనం ఎక్కడో అవతల ఉన్నామనుకుంటుంది. మ్యాపులో నా గీత కల్లు తాగినోడి నడకలా ఉంది. కొండల ఎత్తుపల్లాలు చూపించే సర్వే మ్యాపు, టోపోషీటునూ పూర్తిగా నమ్మడానికి లేదు. 1:50,000 షీటులో 20 మీటర్ల ఎత్తుకు ఒక కాంటూరు గీత, అంటే ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీత. పదిహేను మీటర్ల చట్టు (నిలువుగా తెగిన బండ) రెండు గీతల మధ్య హాయిగా దాక్కుంటుంది. ఇది ఆరోజు నోటుబుక్కులో రాసుకున్నా గానీ, బుర్రలో రాసుకోలేదు.

దిగేటప్పుడు చండ్రచెట్టు కింద మేకల పెద్దాయన కనిపించాడు.

"ఎంత దూరం పోయొచ్చినావు అయివారా?"

"రానూ పోనూ తొమ్మిది కిలోమీటర్లు పెద్దాయనా."

"అది గాదు. ఎన్ని దొనలు దాటినావు?"

దొన అంటే పరుపుబండలో గుంట, వాననీళ్ళు నిలిచేది. నాకు ఒక్కటీ కనిపించలేదని చెప్పాను. "మూడు దొనల్ని పక్కన పెట్టుకొని పోయినావు, ఒగటి గూడా అగపళ్ళేదా?" అని నా భుజం మీది సంచి వంక చూశాడు. అందులో మిగిలిన రెండు లీటర్ల బరువు ఆయనకు చూపులోనే తెలిసినట్టుంది.

డిసెంబరు 14. మూడో బాట. ఇదే ఆ అర.

ఎక్కడం బాగానే అయింది. దిగేటప్పుడు మిట్టమీద దారి రెండుగా చీలింది. ఎడమది బాగా అరిగి, శుభ్రంగా, తాజా పెంటికలతో ఉంది. జనం తిరిగే దారి ఇదే అనుకుని పట్టుకున్నా. నలభై నిమిషాలకు అది రెండైంది, రెండు నాలుగయ్యాయి, నాలుగోది ఒక బలుసు పొద కింద ఆగిపోయింది. ఫోను తీస్తే అసలు బాట 180 మీటర్ల దూరంలో ఉంది. సాయంత్రం 4:20. అంతేగా అని నేరుగా నడిచా. నూరడుగులు వేశానో లేదో, ఎదురుగా చెట్ల తలలు కనిపించాయి. తలలే, మొదళ్ళు లేవు. కాళ్ళ కింద చట్టు. కాంటూరు గీతల మధ్య దాక్కున్నదే.

మళ్ళీ మిట్ట దాకా చేతులూ కాళ్ళూ వాడి ఎక్కాను. చీలిక చేరేసరికి చీకటి. టార్చితో పల్లె చేరింది 7:10కి. ఐదింటికల్లా దిగుతానని చెప్పి ఉన్నాను కనక, సిగ్నలు లేని నా ఫోనుకు అప్పటికి ఎన్నిసార్లు చేశారో. తిట్లు పడ్డాయి. న్యాయమైనవే.

మర్నాడు పెద్దాయనకు చెబితే పగలబడి నవ్వాడు. "ఆవుల దారి నీళ్ళకి పోతాది అయివారా, మేకల దారి ఆకుకి పోతాది. ఆకు అయిపోతే దారీ అయిపోతాది."

తర్వాత ఆయన చూపించిన గుర్తులివి. మేకల దారి మోకాలి ఎత్తులోనే తెరుచుకుని ఉంటుంది, పైన కొమ్మలు కలిసిపోయి సొరంగంలా ఉంటుంది. పక్క చిగుళ్ళు కొరికి ఉంటాయి. పోయేకొద్దీ చీలుతుంది. ఆవుల దారి రొమ్ము ఎత్తు దాకా తెరుచుకుని, గిట్టలు దిగిన మన్నుతో ఉంటుంది. అది చీలదు, వేరేవి వచ్చి దాంట్లో కలుస్తాయి. దిగేటప్పుడు దారులు కలుస్తుంటే మంచిది, విడిపోతుంటే వెనక్కి తిరుగు. నాలుగు నెలల్లో నేను నేర్చుకున్నదాంట్లో పనికొచ్చేది ఇదొక్కటే అన్నా అబద్ధం కాదు.

జనవరి 4. నడవలేదు. మోకాలు. ఉప్పు కాపడం, ఇంటి గడప మీద ఎక్కి దిగడం రోజూ అరవైసార్లు. మా ఆవిడ లెక్కపెట్టింది, యాభైకే ఆపేశానంటుంది.

జనవరి 18. నాలుగో బాట, పెద్దాయనతో.

సంక్రాంతి అరిసెలు నాలుగు, పెరుగన్నం డబ్బా, ఉదయగిరి చెక్క చెంచా. ఈ చెంచాలు నర్ది, బిక్కి కర్రలతో చేస్తారు, బరువుండవు, డబ్బాలో గలగలమనవు. నా సంచిలో అన్నిటికన్నా మంచి వస్తువు అదే. పెద్దాయన తెచ్చింది అరలీటరు సీసా ఒకటి. "అది నీకే, నాకు ఆడ ఉండాయి" అన్నాడు.

గంట నడిచాక దారి మధ్య పేడ. నల్లగా, పెద్దగా, నిండా రేగుగింజలు. కొన్ని గింజలకు ఎర్ర తొక్క ఇంకా అంటుకునే ఉంది. పుల్లతో కదిపితే లోపల తడి. ఎలుగుది, తెల్లవారుజాముది అన్నాడు. ఇక అక్కణ్ణుంచి ఇద్దరం గట్టిగా మాట్లాడుకుంటూ నడిచాం. ఎలుగుకు మనం వస్తున్నామని ముందే తెలియాలి, మలుపులో ఎదురుపడటమే ప్రమాదం. మాట్లాడటానికి నాకేమీ తోచక ఎక్కాలు చదివాను. పదమూడో ఎక్కం దాకా పోయాను.

దురదగొండి కాయలు కాసి ఉన్నాయి ఈ కాలంలో. బంగారు రంగు నూగు చూడ్డానికి పట్టులా ఉంటుంది. మోచేయి తగిలింది. గోకితే పాకుతుంది. అంటుకునే ప్లాస్టరు అద్ది లాగేస్తే నూగు చాలా మటుకు ఊడొచ్చింది. అప్పట్నుంచి పొడుగు చేతుల చొక్కా.

ఆ దారిలో ఐదు దొనలు. పెద్దాయనకు ఒక్కోదానికీ పేరుంది. అవి ఇక్కడ రాయను, కారణం కింద చెప్తా. మొదటిది పూర్తి ఎండలో, రెండోది సగం నీడలో, మూడోది గుండు కింద చల్లగా. ఆయన పైన తేలే ఆకుల్ని చేత్తో నెట్టి దోసిట తాగేశాడు. నేను గుడ్డలో వడకట్టి, క్లోరిన్ బిళ్ళ వేసి, అరగంట ఆగి తాగాను. ఆయన ఆ అరగంటా నన్ను జాలిగా చూశాడు.

ఫిబ్రవరి 8. మళ్ళీ నాలుగో బాటే, కొలతకు.

వెదురు పుల్లకు సెంటీమీటర్లు గీసుకుని పోయాను. జనవరి 18న అదే చోట ముంచి గుర్తు పెట్టుకున్నా. మొదటి దొన 46 నుంచి 31కి దిగింది. 21 రోజుల్లో 15 సెం.మీ., రోజుకు సుమారు 7 మిల్లీమీటర్లు. రెండోది 62 నుంచి 52కి. గుండు కింది మూడోది 80 నుంచి 76కి, అంతే. మిగతా రెండింటికీ పుల్ల అందలేదు. ఎండ ఒకటే కాదు, చుట్టూ మట్టిలో అడవిపంది గిట్టలు, నెమలి కాళ్ళూ ఉన్నాయి, తాగేవాళ్ళ వంతూ ఉంది. దొన గిన్నెలా కిందికి సన్నబడుతుంది కనక, వాళ్ళు తాగే అదే నీళ్ళకు ముందు ముందు లోతు ఇంకా గబగబా పడిపోతుంది. ఇదే వేగమనుకున్నా మొదటిది 44 రోజులు, అంటే మార్చి 24. పెద్దాయనను అడిగితే పుల్ల వంక గూడా చూడకుండా "శ్రీరామనవమికి ఉండదు" అన్నాడు.

నోటుబుక్కులో వరసలు మార్చేశాను. మొదట దూరం, ఎక్కుడు, సమయం ఉండేవి. ఇప్పుడు మొదటి వరస నీళ్ళు: ఏ దొన, ఏ తేదీకి ఎంత, నీడా ఎండా. దూరం చివరికి పోయింది. నాలుగో బాటకు ఇప్పుడు రెండు లీటర్లతోనే పోతున్నాను. మార్చి వస్తే మళ్ళీ నాలుగున్నర.

ఎవరైనా దారులు గీసి ఎక్కించగల ఆన్‌లైన్ మ్యాపు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో దుర్గం బాట ఒక్కటే ఎక్కించాను. మిగతావి ఎక్కించను, దొనలు అసలే. ఎర్రచందనం దుంగలు మోసేవాళ్ళకు నీళ్ళెక్కడున్నాయో నేను గీసి ఇచ్చినట్టవుతుంది. వాళ్ళు లేకపోయినా, జనం ప్లాస్టిక్ సీసాలతో వచ్చి ఆ 31 సెంటీమీటర్లలో కాళ్ళు కడుక్కుంటారు.

మిగిలినవి: మూడో బాటలో దిగుడు సగం, ఐదో బాట మొత్తం. ఐదోది ఎండలోనే సాగే దారి, పెద్దాయన లెక్కలో దానికి ఒకటే దొన, అదీ ఇప్పటికే అడుగంటింది. అది వానల తర్వాతే. మూడో దానికి ఫిబ్రవరి 22న, ఈసారి పైనుంచి దిగకుండా కిందినుంచి ఎక్కి, దారులు ఎక్కడెక్కడ విడిపోతున్నాయో చూసుకుంటూ ఆ చీలిక దాకా పోవాలి. అక్కడ ఎడమ దారికి అడ్డంగా మూడు రాళ్ళు పేర్చి రావాలి. కుడి బూటు అడుగు ఊడింది, శనివారంలోపు కుట్టించాలి.