ఫిల్ములో ఆ చుక్క

ఆ డ్యూటీ డాక్టర్ మీద నాకింకా కోపం పోలేదు. కుడి చెయ్యి దానంతటదే కొట్టుకోవడం మొదలై, స్పృహ తప్పి, ఫిట్స్‌తో ఆసుపత్రిలో చేరాను. రక్తపరీక్షలు, మెదడులో విద్యుత్తు తీరు చూసే ఈఈజీ, ఎమ్మారై చకచకా అయిపోయాయి. సాయంత్రం ఫిల్ములు వచ్చాక ఆయన వాటిని లైటుకేసి ఎత్తి, నిలబడే చూసి, "మెదడులో గడ్డలా ఉందమ్మా. ట్యూమర్ కూడా అయ్యుండొచ్చు. పొద్దున పెద్ద డాక్టరు గారు చూస్తారు" అని అక్కతో అనేసి వెళ్లిపోయారు. నేను నిద్రపోతున్నాననుకున్నారు. అంతా విన్నాను.

అక్క బయటికెళ్లి మొహం కడుక్కుని వచ్చింది. "ఏమన్నారక్కా?" అంటే "ఏం లేదు, పడుకో" అంది. ఎలా పడుకుంటాను? కళ్లు మూస్తే మళ్లీ ఫిట్స్ వస్తాయేమో, ఈసారి లేవనేమో అని భయం. కుడిచేతి వేళ్లు ఒక్కొక్కటే మడిచి, తెరిచి చూసుకుంటూ ఉన్నాను. బొటనవేలు కాస్త అదిరితే చాలు, గుండె ఆగినంత పనయ్యేది. నాన్నకి చెప్పాలో వద్దో తేల్చుకోలేక అక్క ఫోన్ పట్టుకుని అలాగే కూర్చుంది. దేవుడా, ఏ జబ్బైనా ఇవ్వు, అదొక్కటి తప్ప అని మొక్కుకున్నాను. ఆ మొక్కు ఆయన విన్నాడనే నా నమ్మకం.

పొద్దున న్యూరాలజిస్ట్ గారు వచ్చి, కుర్చీ లాక్కుని కూర్చుని, కంప్యూటర్ తెర మా వైపు తిప్పారు. "ఈ తెల్లటి ఉంగరం చూశారా? లోపల ఓ పక్కకి చిన్న చుక్క ఉంది కదా. అది పురుగు తల." బద్దె పురుగు పిల్లదశలో మెదడుకి చేరి కట్టుకున్న తిత్తి అట అది. జబ్బు పేరు న్యూరోసిస్టిసర్కోసిస్. టీబీ గడ్డ కూడా, స్కాన్‌లో స్పష్టంగా కనబడ్డానికి నరంలోకిచ్చే కాంట్రాస్ట్ మందు ఎక్కిస్తే ఇలా ఉంగరంలాగే వెలుగుతుందట, కానీ అది చాలాసార్లు 20 మిల్లీమీటర్లు దాటుతుంది. నాది అందులో సగం కూడా లేదు, పైగా తల కనబడుతోంది. ఇది అరుదుగా వెన్నుపాములోకీ చేరుతుందట. నాకు నడుం నొప్పి ఉందని చెప్పగానే అక్కడా ఎమ్మారై తీయించారు. అక్కడ ఏమీ లేదు. ఆ పది నిమిషాలు ఓపిగ్గా కూర్చుని చెప్పినందుకు ఆయనకు జన్మంతా రుణపడి ఉంటాను.

పురుగు బతికున్నంతకాలం ఒంటికి దాని సంగతే తెలియకపోవచ్చట. అది చావడం మొదలయ్యాకే చుట్టూ వాపు, ఫిట్స్. అందుకే ముందు కళ్లు పరీక్ష చేయించారు. కంట్లో పురుగు ఉంటే మందుతో చచ్చి, ఆ వాపుకి చూపే పోవచ్చు. తర్వాత వాపు తగ్గించే స్టెరాయిడ్ మొదలుపెట్టి, దాని అండతో పురుగుని చంపే ఆల్బెండజోల్ ఇచ్చారు, రోజుకి కిలో బరువుకి 15 మిల్లీగ్రాముల లెక్కన. అయినా మధ్యలో తలనొప్పి బాగా పెరిగింది. ఇదంతా తెలియకుండా స్కానింగ్ రిపోర్టు చూసి సొంతంగా ఆల్బెండజోల్ మాత్రలు కొని మింగేవాళ్లను తలుచుకుంటే భయమేస్తుంది. దయచేసి ఆ పని చెయ్యొద్దు.

చూడ్డానికొచ్చిన బంధువులొకరు "పంది మాంసం తినేవాళ్లకే కదా ఇది వచ్చేది?" అన్నారు. నాన్న తల దించుకున్నారు. ఆ మాట మాత్రం నేను క్షమించలేను. సరిగా ఉడకని పంది మాంసంతో వచ్చేది పేగుల్లో బద్దె పురుగు. మెదడులో తిత్తి వచ్చేది ఆ పురుగున్న మనిషి మలంలోని గుడ్లు చేతుల ద్వారానో, నీళ్ల ద్వారానో, సరిగా కడగని పచ్చి కూరల ద్వారానో మన నోట్లోకి పోతే. జన్మలో మాంసం ముట్టనివాళ్లకూ వస్తుంది.

తర్వాత తీసిన ఎమ్మారైలో ఉంగరం లేదు, వాపూ లేదు. సీటీలో మాత్రం సున్నం పేరుకున్న చిన్న మచ్చ మిగిలింది. ఆ మచ్చ వల్ల కూడా ఫిట్స్ రావచ్చు కాబట్టి ఫిట్స్ రాకుండా ఇచ్చిన మాత్రలు ఇంకా వేసుకుంటున్నాను. డాక్టరు గారు సరే అనేవరకు బండి నడపను. ఇంట్లో ఎవరికైనా మొదటిసారి ఫిట్స్ వస్తే స్కానింగ్‌తో వదిలెయ్యకండి. ఫిల్ములు న్యూరాలజిస్ట్ ముందు పెట్టి, ఏది ఏమిటో చూపించమని అడగండి.